పక్ ఎక్కడుంది

ఆ సెప్టెంబరు సాయంత్రం మా వంటింటి బల్ల చుట్టూ నలుగురు కుర్రాళ్ళు కూర్చుని, పరీక్షలో మొద్దులుగా తేలడం ఎలాగో ఒకరికొకరు నేర్పుకున్నారు.

కాలేజీ ఐస్ హాకీ జట్టులో ఉన్న ప్రతివాడికీ సీజను మొదలయ్యే ముందు కంప్యూటరు మీద ఒక పరీక్ష పెడతారు. తెర మీద కొన్ని మాటలు, కొన్ని బొమ్మలు కనబడి మాయమవుతాయి. కాసేపయ్యాక ఏవేవి చూశావో చెప్పాలి. ఆటలో తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష పెట్టి, సెప్టెంబరు మార్కులతో పోల్చి చూస్తారు. తగ్గితే, కుదుటపడేదాకా మంచు మీద అడుగు పెట్టనివ్వరు.

"అందుకని ఇప్పుడే తక్కువ తెచ్చుకుని, తగ్గడానికి చోటే లేకుండా చేసుకోవాలి," అన్నాడు లిండీ. జట్టుకి అతనే కెప్టెన్. అసలు పేరు ట్రెవర్ లిండ్‌గ్రెన్. మంచు మీద ఎవరికీ పూర్తి పేరు మిగలదు. ఇంటిపేరు సగానికి తుంచి చివర దీర్ఘం తగిలిస్తారు. మా ఆయన ఎమిల్ కాంగస్ వాళ్ళందరికీ కాంగీ.

"మరీ ఎక్కువ తప్పులు చెయ్యకండిరా, ఫిజియో జోలీన్‌కి అనుమానం వస్తుంది. రాత్రంతా నిద్ర లేనివాడిలా చెయ్యాలి," అన్నాడు లిండీ మళ్ళీ.

"అయితే కాంగీకి నటించే పనే లేదు. ఇంట్లో చంటివాడున్నాడుగా," అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా భుజం మీద ఐవర్ తేనుస్తున్నాడు. లిండీ సరదాకి పది మాటలు చదివి, నన్ను తిరిగి చెప్పమన్నాడు. పొయ్యి మీద కూర కలుపుతూనే అన్నీ వరసగా చెప్పేశాను. అదే కాలేజీలో ఒక్క ఏడాది చదివి, కడుపుతో ఉండి మానేసినదాన్ని నేను. ఎవరైనా ప్రశ్న అడిగితే ఇప్పటికీ నిటారుగా నిలబడి జవాబు చెబుతాను.

"చూశారా, మా ఆవిడ జట్టులో చేరితే మొదటి దెబ్బకే దొరికిపోతుంది," అన్నాడు ఎమిల్.

గనులు మూతపడ్డాక మా ఊరికి మిగిలినవి సరస్సు, మంచు, ఈ జట్టు. నవంబరు వచ్చినా ఒక్క ఓటమీ లేదు. బేకరీలో నేను ఏలకుల రొట్టె జడలా అల్లుతుంటే, కొనడానికి వచ్చినవాళ్ళు రొట్టె సంగతి వదిలేసి ఎమిల్ మోకాలు ఎలా ఉందని అడిగేవాళ్ళు. మా మామగారు కాలేజీ రింకులో మంచు నునుపు చేసే బండి నడుపుతారు. ఐవర్ పుట్టిన దగ్గర్నుంచి ఆయన్ని అందరం పప్పా అనే పిలుస్తున్నాం. ఇక్కడి ఫిన్లండు వాళ్ళ ఇళ్ళల్లో తాతకి అదే పేరు. ఆయన ఆడే కాలంలో ఈ జట్టు ఒకసారి జాతీయ పోటీల ఆఖరి ఆట దాకా వెళ్ళి, ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. ఆ గోలు ఆయన కర్ర కిందనుంచే వెళ్ళింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

మంచు పడటం మొదలవగానే పప్పా అటక మీంచి పాత తోపుడుబండి దించారు. చిన్నప్పుడు ఎమిల్‌ని పడుకోబెట్టిన బండి అది. గొర్రెచర్మం పరిచి, ఐవర్‌ని ఉన్నిలో చుట్టి, పగటి నిద్రకి వరండాలో, ఆరుబయట చలిలో పడుకోబెట్టడం వాళ్ళ పద్ధతి. నేను ఇంత చలి లేని దక్షిణాది నుంచి వచ్చినదాన్ని. కాసేపటికోసారి వాడి బుగ్గలు తడిమేదాన్ని.

"బుగ్గలు ఎర్రబడ్డాయని బెదిరిపోకమ్మాయ్," అన్నారు పప్పా. "మెడ వెనక వేలు పెట్టి చూడు. అక్కడ వెచ్చగా ఉంటే పిల్లాడు హాయిగా ఉన్నట్టే. సరస్సు మీంచి గాలి తిరిగిందా, అప్పుడు మాత్రం ఆలోచించకు. లోపలికి తెచ్చెయ్."

నేను మాటిమాటికీ వెళ్ళి వేలు పెట్టి చూసేదాన్ని.

"వాణ్ణి నిద్రపోనీవా? వాడు పిల్లాడు, ఉడుకుతున్న బంగాళాదుంప కాదు," అని ఎమిల్ ఎగతాళి చేసేవాడు. నా భయాలకి ఇంట్లో అదీ విలువ. దగ్గితే భయం, దగ్గకపోతే భయం. అందుకే నిజంగా భయపడాల్సినది వచ్చినప్పుడు నా మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

జనవరిలో ఒక ఆటలో ఎమిల్ పక్ కోసం గోడవైపు తిరిగాడు. పక్ అంటే నల్లటి రబ్బరు బిళ్ళ, అరచేతిలో ఇమిడిపోతుంది. అవతలివాడు వెనకనుంచి వచ్చి గుద్దాడు. హెల్మెట్ గోడ మీది అద్దానికి కొట్టుకున్న చప్పుడు పైవరసలో ఉన్న నాకు వినబడింది. ఎంత చప్పున లేచాడంటే జనం చప్పట్లు కొట్టారు. లేచి, తిన్నగా అవతలి జట్టు బెంచీ వైపు వెళ్ళాడు. జనం నవ్వారు. లిండీ వచ్చి చొక్కా పట్టుకుని, దారి తప్పిన దూడని తిప్పినట్టు ఇటు తిప్పాడు.

సోమవారం జట్టు ఫిజియో జోలీన్ పరీక్ష పెట్టింది. ఎమిల్ గుమ్మంలోంచే చెప్పాడు.

"పాసయ్యాను. సెప్టెంబరులో ఎన్నో, ఇప్పుడూ అన్నే."

ఆ మాట అంటూనే కిటికీ తెర లాగేశాడు.

సెప్టెంబరులో అవి నటించి తెచ్చుకున్న మార్కులు. జనవరిలో ప్రాణం పెట్టి తెచ్చుకున్నవీ అవే. ఆ రెండింటికీ తేడా ఆ రోజు మా వంటింట్లో ఉన్నవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

పళ్ళేనికి చెంచా తగిలితే ఎమిల్ మొహం ముడుచుకుపోయేది. ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే కాస్త వెలుతురుకీ కళ్ళు మూసుకునేవాడు. కప్పులో పాలు పోసి, ఎందుకు పోశాడో తెలియక చేత్తో పట్టుకుని నిలబడేవాడు. ఐవర్ ఏడిస్తే, ఎవరో మేకు దిగ్గొట్టినట్టు రెండు చేతులతో తల పట్టుకునేవాడు. మంచు మీద మాత్రం బాగానే ఉండేవాడు. అక్కడ అతనికి ఆలోచించే పని లేదు, ఒళ్ళే ఆడేది. జట్టు వారం వారం గెలుస్తోంది.

"జోలీన్‌కి చెప్పు," అన్నాను.

"ఏమని?"

"తల నొప్పెడుతోందని."

"మార్నీ, ఈ ఊళ్ళో తల నొప్పెట్టనివాడు ఎవడు? ఏప్రిల్ దాకా ఆగు. తరవాత వేసవంతా నిద్రపోతాను. నువ్వే లేపలేక విసుక్కుంటావు."

లిండీ వచ్చినప్పుడు అతన్ని పక్కకి పిలిచి అడిగాను. కాసేపు బూట్లవైపు చూసుకున్నాడు.

"వాడికేం కాలేదు. నీకు అన్నీ పెద్దవిగా కనబడతాయి."

"ఆ రోజు అవతలి బెంచీ వైపు వెళ్ళాడు. నువ్వే కదా తిప్పావు?"

"నాకూ రెండుసార్లు అలా అయింది. చూడు, బాగానే ఉన్నానుగా," అని చేతులు చాపి చూపించాడు. నాకు నవ్వు రాలేదు.

మార్చిలో ప్రాంతీయ కప్పు గెలిచారు. ఆట అయ్యాక ఇంటికి వస్తుంటే మా పికప్ ట్రక్కు నేనే నడిపాను, ఎదురొచ్చే దీపాలు అతను భరించలేడు కాబట్టి. వెనక సీట్లో ఐవర్ నిద్రపోతున్నాడు. పోటీలు మొదలయ్యాక ఎవరూ గడ్డం గీసుకోరు కాబట్టి ఎమిల్ మొహమంతా ఎర్రటి గడ్డం. నెత్తి మీద, గెలిచినవాళ్ళకి మంచు మీదే పంచిపెట్టిన టోపీ. ఊరి మొదట్లోకి వచ్చాం.

"మార్నీ," అన్నాడు నెమ్మదిగా. "మనం గెలిచామా?"

రోడ్డు మీద చూపు నిలుపుకున్నాను.

"గెలిచాం," అన్నాను.

"మంచిది," అన్నాడు. టోపీ తీసి చూసుకుంటూ, "నేను బాగా ఆడానా?" అన్నాడు.

ఆ తరవాత బేకరీలోనూ అదే ఆలోచన. రొట్టె అల్లుతూ అల్లుతూ చేతులు ఆగిపోయేవి. ఎవరితో చెప్పను? పప్పాకి చెబితే, "మా కాలంలో గంట కొట్టినట్టు తలలు మోగేవి, మర్నాడు పనిలోకి పోయేవాళ్ళం," అన్నారు. ఆయన కళ్ళల్లో అప్పటికే ఆఖరి ఆట కనబడుతోంది. జాతీయ పోటీల్లో మిగిలినవి నాలుగు జట్లు, అందులో మాది ఒకటి. ఊరంతా కిటికీల్లో జెండాలు కట్టుకుంది. నేనొక్కదాన్నే ఓడిపోవాలని మొక్కుకున్నాను.

ఐవర్‌ని మాత్రం అతని దగ్గర వదలక తప్పేది కాదు. పొద్దుట బేకరీలో నేను, మధ్యాహ్నం రింకులో అతను. మధ్యలో నేను పరిగెత్తుకొచ్చేదాన్ని.

ఆ రోజు బేకరీ తలుపు తీసి బయట కాలు పెట్టగానే గాలి మొహాన కొట్టింది. సరస్సు మీది గాలి. ఎదురింటి జెండా అటునుంచి ఇటు తిరిగి ఉంది. ఎమిల్ ఇంట్లోనే ఉంటాడు, వాణ్ణి లోపలికి తెచ్చేసి ఉంటాడు అనుకుంటూనే నడక పరుగయింది. మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ట్రక్కు లేదు. వరండాలో తోపుడుబండి ఉంది. దాని గుడ్డ కప్పు మీద సన్నటి మంచు, పిండి జల్లించినట్టు.

చేతి తొడుగు పళ్ళతో లాగేసి, మెడ వెనక వేలు పెట్టాను.

చల్లగా తగిలింది.

వాడు ఏడవలేదు. అదే నన్ను చంపేసింది. పిండి మరకల చొక్కా గుండీలు తెంచుకుని ఒంటికి ఒత్తుకున్నాను. ఒక చేత్తో వాడి వీపు రుద్దుతూ ఇంకో చేత్తో రింకుకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. నా రొమ్ము మీద చన్నీళ్ళ గుడ్డ వేసినట్టుంది వాడి మొహం. "ఏడువు నాన్నా, ఏడువు," అంటూ వంటింట్లో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగాను. చివరికి ఒక మూలుగు వచ్చింది, ఆ తరవాత ఏడుపు. అంత తియ్యటి చప్పుడు నా జన్మలో వినలేదు.

పప్పా ట్రక్కు వచ్చి ఆగింది. ఎమిల్ కాళ్ళకి ఇంకా ఆట తొడుగులతోనే దిగాడు.

"ఏమయింది?"

"వాణ్ణి బయట వదిలేసి వెళ్ళిపోయావు."

అతను నన్ను, వాణ్ణి మార్చి మార్చి చూశాడు. అబద్ధం చెప్పేవాడి మొహం కాదది.

"వాణ్ణి నువ్వు తీసుకెళ్ళావుగా," అన్నాడు. "పొద్దున బేకరీకి తీసుకెళ్ళావు. నేను తలుపు తీసి పట్టుకున్నాను కదా."

పప్పా వరండాలో నిలబడి బండి మీద మంచు చేత్తో తుడుస్తున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నారు.

ఆస్పత్రిలో డాక్టరు వాణ్ణి బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి చూసింది. ఉన్నీ, గొర్రెచర్మం కాపాడాయంది. గాలి తిరిగి ఎంతోసేపు కాలేదు కాబట్టి సరిపోయింది, ఇంకాస్త ఆలస్యమైతే తానేమీ చెప్పలేకపోయేదాన్నని అంది.

ఇంటికొచ్చాక ఎమిల్ వంటింటి నేల మీద కూర్చుని, నా మోకాళ్ళ మీద నుదురు ఆనించి ఏడ్చాడు. ఎక్కువ ఏడవలేకపోయాడు, ఏడిస్తే తల పగిలిపోతోందన్నాడు.

"వాణ్ణి నా దగ్గర వదలకు. అంతే. ఇంక రెండే ఆటలు మార్నీ. రెండు ఆటలయ్యాక నువ్వు ఏ డాక్టరుకి చూపిస్తే ఆ డాక్టరుకి చూపించుకుంటాను."

"ఆ రెండు ఆటల్లో ఇంకో దెబ్బ తగిలితే?"

"తగలదు."

"ఎమిల్, పొద్దున జరిగింది నీకు గుర్తులేదు."

"మంచు మీద అన్నీ గుర్తుంటాయి."

నేను పప్పా వంక చూశాను. ఆయన బూట్లు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఇంటి పెద్ద, కొడుకుని ఒక్క మాటతో ఆపగలిగిన మనిషి.

"రెండు ఆటలే కదమ్మాయ్," అన్నారు, నా మొహం చూడకుండా.

మర్నాడు ఐవర్‌ని చంకనేసుకుని రింకుకి వెళ్ళాను. అభ్యాసానికి ముందు పప్పా బండి మీద కూర్చుని మంచు నునుపు చేస్తున్నారు. అద్దం అవతలనుంచి నన్ను చూశారు. బండి ఆపలేదు. ఆ చుట్టు పూర్తయి, మళ్ళీ నా ఎదురుగా వచ్చేసరికి తల అటు తిప్పుకున్నారు. నేను జోలీన్ గదిలోకి వెళ్ళాను. ఎవరి చీలమండకో పట్టీ వేస్తోంది.

"ఈ అబ్బాయిని కాసేపు బయటికి పంపండి," అన్నాను.

కుంటుకుంటూ అతను వెళ్ళాడు. నేను తలుపు వేశాను. దానికి వీపు ఆనించి నిలబడ్డాను. ఈ గది దాటితే ఈ ఊళ్ళో నాకు ఎవరూ ఉండరని తెలుసు. ఐవర్ నా చెవి పట్టుకుని లాగుతున్నాడు.

"ఎమిల్ సెప్టెంబరులో కావాలని తప్పులు చేశాడు," అన్నాను.

జోలీన్ చేతిలో పట్టీ చుట్ట అలాగే ఉండిపోయింది. నేను వరసగా చెప్పాను, బెంచీ సంగతి, టోపీ సంగతి, తోపుడుబండి సంగతి. ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"వాడొక్కడేనా?"

తలుపు అవతల కుర్రాళ్ళు నవ్వుకోవడం వినబడుతోంది. ఒకడు కర్రతో గోడ మీద టకటకా కొడుతున్నాడు.

"నాకు తెలిసింది మా ఆయన సంగతి," అన్నాను. "మిగతాది వాళ్ళని అడగండి."

"ఈ ఏడాది ఇంత మందమతులు దొరికారేమిటా అనుకున్నాను," అంది జోలీన్. నవ్వడానికని అన్న మాటే గానీ, లేచి ఫోన్ అందుకుంది. "ఇంటికి వెళ్ళమ్మాయ్. ఇక్కడ ఉండకు."

జట్టంతటికీ మళ్ళీ పరీక్షలు జరిగాయి. మిగతావాళ్ళు గట్టెక్కారు. ఎమిల్‌ని కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటే, జట్టు మొత్తం చూస్తుండగా పక్కకి ఒరిగిపోయాడట. లిండీ పట్టుకున్నాడట. ఇదంతా లిండీయే చెప్పాడు, మా గుమ్మంలో నిలబడి. లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఒక్క మాట నాతో చెప్పి ఉండాల్సింది."

"చెప్పాను. జనవరిలో."

అతను టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. "వాడి చోట ఇప్పుడు మొదటేడు పిల్లాణ్ణి ఆడించాలి. ఓడిపోతే అది ఎవరి ఖాతాలోనో నీకు తెలుసుగా," అని మెట్లు దిగాడు. ట్రక్కు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "పిల్లాడు బాగున్నాడా?" అని అడిగాడు. బాగున్నాడన్నాను.

ఆ సాయంత్రం ఎమిల్ గడ్డం గీసేసుకున్నాడు. ఓడిపోతే గీసుకుంటారు, కప్పు తెచ్చుకుంటే గీసుకుంటారు. మధ్యలో గీసుకున్నవాడి గురించి నేను వినలేదు. తరవాత దుప్పటీ, దిండూ తీసుకుని సౌనా ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. మా వంటింటి వెనక ఆవిరిస్నానాల సౌనా ఉంది. దాని ముందు బట్టలు మార్చుకునే చిన్న చెక్కగది, కిటికీ లేనిది. ఇంట్లో అతని కళ్ళకి హాయిగా ఉండే చోటు అదొక్కటే. పళ్ళెం గుమ్మంలో పెడితే తినేవాడు. నాతో మాట్లాడలేదు. బేకరీలో నేను కట్టిన రొట్టె వద్దని, ఇంకో అమ్మాయి చేత కట్టించుకుని వెళ్ళినవాళ్ళున్నారు. ఒక పొద్దున వరండాలో విరిగిన హాకీ కర్ర పడుంది. పప్పా దాన్ని తీసి, మోకాలి మీద ఇంకా చిన్న ముక్కలుగా విరిచి, సౌనా పొయ్యిలో పెట్టారు. ఎవరి మీద కోపమో చెప్పలేదు. ఆయన కూడా నాతో మాట్లాడటం లేదు.

జట్టు బస్సులో పెద్ద నగరానికి వెళ్ళింది. సెమీఫైనల్ గెలిచింది. ఆ సంగతి అతనికి నేను చెప్పలేదు. వీధిలో హారన్లు చెప్పాయి. అతను దిండు చెవులకి నొక్కుకుని గోడవైపు తిరగడం తలుపు సందులోంచి చూశాను.

ఆఖరి ఆట రోజు ఐవర్‌ని లోపలి గదిలో పడుకోబెట్టి, టీవీ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. వెలుతురు చెక్కగది మీద పడకుండా అటు తిప్పి, శబ్దం తీసేశాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. గెలిస్తే నేను లేకపోయినా అందరూ పండగ చేసుకుంటారు. ఓడిపోతే ఈ ఇంట్లో నేను ఎలా బతకాలి? బయట పప్పా తన ట్రక్కులో కూర్చుని రేడియో పెట్టుకున్నారు. లోపలికి రారు. అద్దాల మీద ఆయన ఊపిరి ఆవిరి కనబడుతోంది.

ఆట మొదలైంది. తెల్లటి మంచు మీద చీమల్లా మనుషులు. చాలాసేపు గడిచాక చీకట్లోంచి గొంతు వచ్చింది.

"పక్ ఎక్కడుంది?"

ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని.

"మన వైపు. మూలలో."

"ఏ మూల?"

"మన గోల్‌కీపరుకి ఎడమ పక్క."

"ఎవరి దగ్గర?"

"లిండీ. కాదు, కాదు. పన్నెండో నంబరు."

"లిండీ నడుం వంచి తిరుగుతాడు, పడిపోయిన తాళంచెవి వెతుక్కుంటున్నట్టు. అలాంటివాడు కనబడుతున్నాడా?"

"ఆఁ. మధ్యలో ఉన్నాడు."

"ఇప్పుడు పక్ అతనికే వస్తుంది చూడు."

వచ్చింది. లిండీ దాన్ని గోడకి కొట్టాడు, అది తిరిగొచ్చి ఇంకొకడికి దొరికింది, వాడు గోలు కొట్టాడు. నేను చెప్పాను. చెక్కగదిలో దుప్పటి కదిలింది. ఆ తరవాత అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. కుడి, ఎడమ, గోడ, మధ్య. తప్పు చెబితే, అతను కళ్ళు మూసుకునే, "అలా జరగదు, మళ్ళీ చూడు," అనేవాడు. మళ్ళీ చూస్తే అతనిదే నిజం.

ఆట ముగియవస్తుండగా మా జట్టులో ఒకడు మన గోలు ముందు పక్‌ని అందుకోలేకపోయాడు. అవతలివాడు ఒక్క ఊపున లోపలికి కొట్టాడు. వాళ్ళు ఒకళ్ళమీద ఒకళ్ళు పడి కౌగిలించుకుంటున్నారు. టీవీకి శబ్దం లేదు కాబట్టి అతనికి తెలియదు. చెప్పకపోతే తెలియదు.

"మార్నీ. ఎందుకు ఆగావు?"

"సమానం చేశారు."

"ఎవరు వదిలేశారు?"

"ఆ మొదటేడు పిల్లాడు."

"నా చోట."

"నీ చోట."

సమానంగానే సమయం ముగిసింది. రెండు జట్లూ అదనపు సమయానికి సిద్ధమవుతున్నాయి. మంచు నునుపు చేసే బండి ఒకటి తెర మీద తిరుగుతోంది.

"నేనుంటే అక్కడ అడ్డంగా పడుకునేవాణ్ణి," అన్నాడు. "తల పెట్టయినా ఆపేవాణ్ణి."

"తెలుసు," అన్నాను. "అందుకే చెప్పాను."

నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఆట మళ్ళీ మొదలైనప్పుడు అతను అడుగుతాడో అడగడో తెలియక నోరు మూసుకున్నాను.

"పక్ ఎక్కడుంది?" అన్నాడు.

చెప్పాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అవతలివాళ్ళు ఎడతెరిపి లేకుండా మన గోలు మీదే ఉన్నారు. మన గోల్‌కీపరు ఒకసారి కాలితో ఆపాడు, ఒకసారి కింద పడి ఒంటితో ఆపాడు. ఆ పిల్లాడు, అదే, ఎమిల్ చోట ఆడుతున్నవాడు, ఏడుస్తున్నాడని దగ్గరగా చూపిస్తే తెలిసింది. అదీ చెప్పాను. చివరికి ఎవరో దూరం నుంచి గుడ్డిగా కొట్టిన పక్, నడుం వంచి నిలబడ్డ లిండీ మోకాలికి తగిలి, పక్కకి తిరిగి, గోలులోకి దొర్లింది. అందంగా ఏమీ లేదు. ముందు ఎవరికీ అర్థం కాలేదు, లిండీకి కూడా. వెనక్కి తిరిగి చూసుకుంటున్నాడు.

"ఏమయింది? మార్నీ, ఏమయింది?"

"లిండీ మోకాలు," అన్నాను. "ఎమిల్, లోపలికి వెళ్ళింది. మనం గెలిచాం."

అప్పుడు ఊరు విరుచుకుపడింది. ఎక్కడెక్కడి ట్రక్కులూ రోడ్డెక్కి హారన్లు నొక్కుతున్నాయి. చర్చి గంట, అగ్నిమాపక బండి కూత, ఎవరో గరిటెలతో గిన్నెలు కొడుతున్నారు. నేను చీకట్లోకి పరిగెత్తాను. అతను ముడుచుకుని పడుకుని ఉన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, నా రెండు అరచేతులూ అతని చెవుల మీద గట్టిగా నొక్కిపెట్టాను. గీసుకున్న చెంపలు తడిగా తగిలాయి. ఆ కన్నీళ్ళు గెలిచినందుకో, తాను లేకుండా గెలిచినందుకో నేను అడగలేదు.

తెరిచి ఉన్న తలుపుల్లోంచి వీధి కనబడుతోంది. పప్పా ట్రక్కు దిగి, మంచు తోసే పెద్ద రేకు పార రెండు చేతులా ఎత్తి పట్టుకుని, రోడ్డు మధ్య బురదమంచులో నిలబడ్డారు. హారన్లు కొడుతూ వస్తున్న బళ్ళని ఒక్కొక్కటే వెనక్కి తిప్పి పంపిస్తున్నారు. జీవితమంతా ఈ గెలుపు కోసమే ఎదురుచూసిన మనిషి. ఎవరో అద్దం దించి, "ఏమిటి ముసలాయనా, గెలిచాం," అని అరిచారు. "తెలుసు. అటు నుంచి పో," అన్నారు ఆయన.

మా వీధి నుంచి చప్పుడు కాస్త దూరమైంది, పోలేదు. నా చేతులు అలాగే ఉన్నాయి. నొప్పెడుతున్నాయి. తీస్తే ఏమవుతుందోనని తీయలేదు.

ఎమిల్ కళ్ళు తెరిచాడు.

"వాడు లేచాడు," అన్నాడు.

"ఏంటి?"

"ఐవర్. ఏడుస్తున్నాడు. నువ్వు వెళ్ళు."

నాకేమీ వినబడలేదు. నా చేతులు తీశాను. ఆ చోట తన చేతులు పెట్టుకుని, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

లోపలి గదిలోకి వెళ్ళేసరికి నిజంగానే ఏడుస్తున్నాడు, మొహమంతా ఎర్రగా చేసుకుని. ఎత్తుకుని, మెడ వెనక వేలు పెట్టాను. వెచ్చగా ఉంది.